అవ్వ ఎనుమైన ఎండాకాలం

ఆ ఎండాకాలం ప్రతి ఆదివారం మధ్యాహ్నం మేము నలుగురం సత్యనారాయణపేటలో ఒక మేడగదిలో కూర్చొని, లేని కొండకు ఉన్న ఒక లేని తలుపును తీయడానికి నానా అవస్థ పడ్డాం. ఆ తలుపు ఎట్లా తెరుచుకుంటుందో నలుగురిలో ఇద్దరికే తెలుసు. ఒకడు ఆ కథ అల్లినవాడు, అతను చెప్పకూడదు. రెండోవాణ్ణి నేను. నేను చెప్పలేదు, తెరవలేదు, ఇంకొకరిని తెరవనివ్వలేదు. ఆటే కదా, దానికింత బాధ దేనికి అని మాలో మూడోవాడైన మా బామ్మర్ది ఇప్పటికీ అంటాడు. వాడు మంచివాడు, అందుకే అట్లా అంటాడు.

అది బళ్లారిలో ఇనుము దొరికే ఎర్రమట్టికి గిరాకీ వచ్చిన కాలం. అంతకుముందు మా ఇంట్లో పత్తి, మిరప గురించి తప్ప మాట ఉండేది కాదు. నాన్న పొలం మీద అప్పు తెచ్చి ఒక టిప్పర్ కొన్నాడు, దాని సంపాదనతో ఇంకొకటి కొన్నాడు, చూస్తూ చూస్తూ ఉండగానే మేము ట్రాన్స్‌పోర్ట్ వాళ్లమైపోయాం. సత్యనారాయణపేటలో ఒక అవ్వ ఇంటి మేడగది అద్దెకు తీసుకొని ఆఫీసు పెట్టాం. నేను అందులో కూర్చొని ఫోన్లు ఎత్తేవాణ్ణి. డ్రైవర్లు నన్ను "ధణీ" అనేవాళ్లు. కన్నడంలో దొరను పిలిచే పిలుపు అది. నాకప్పుడు మీసం కూడా సరిగ్గా లేదు. అయినా ఆ పిలుపు మాత్రం నాకు సరిగ్గా సరిపోయిందనుకునేవాణ్ణి.

కథ అల్లినవాడిది తుంగభద్ర ఒడ్డున కెంచనగుడ్డ. వాళ్ల తాతలు కాలువ కింద వరి పండించుకుందామని గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. అతను ఇక్కడే పుట్టినా "అండి" పోలేదు. బెంగళూరులో ఇంజనీరింగ్ చదివి వచ్చి, బళ్లారిలో ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. కాలువకు నీళ్లు వదిలేదాకా వెతుక్కో, నీళ్లు వస్తే మాత్రం వచ్చి మడిలో దిగాలి అని వాళ్ల నాన్న చెప్పి పంపాడు. ఉద్యోగం సంగతేమో గాని, అతను హాస్టల్ నుంచి ఒక ఆట మోసుకొచ్చాడు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక పాత్ర. నీ ముందు ఏముందో కథ చెప్పేవాడు చెబుతాడు, నువ్వు ఏం చేస్తావో నువ్వు చెబుతావు, చేయగలిగావో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. హాస్టల్లో ఎప్పుడూ సీనియర్లే కథ నడిపేవాళ్లట. అతని వంతు రానేలేదు. తన కథ ఒక్కసారి, ఒక్కసారి చివరిదాకా నడిస్తే చాలు, ఆ తర్వాత ఎంత బురదలోనైనా దిగుతానని అతను మొదటి రోజే మాతో అన్నాడు. నవ్వుతూ అన్నాడు గాని, అతను అడిగింది అదొక్కటే.

మొదటి ఆదివారం అందరికీ టీ వచ్చేదాకా ఆగి, హరికథ మొదలుపెట్టే దాసుగారిలా గొంతు సవరించుకున్నాడు. ముందుగా ఎవరు ఏ జాతి అవుతారో చెప్పాలన్నాడు. మనిషిగానైనా ఉండొచ్చు, మనిషి కాకుండానైనా ఉండొచ్చు. ఎల్ఫులని ఒక జాతి ఉంది, వాళ్ల చెవులు కొనదేరి ఉంటాయి, అడవిలో వందల ఏళ్లు బతుకుతారు. ఆర్కులకు కోరలుంటాయి. డ్వార్ఫులు పొట్టిగా, గడ్డాలతో, కొండల్ని తవ్వి ఇనుము తీస్తుంటారు.

ఆ చివరి మాట వినగానే అందరం మా బామ్మర్ది వైపు తిరిగాం. వాడిది తారానగర్. వాళ్ల ఇంటి వెనక కిటికీ తెరిస్తే గని కనిపిస్తుంది. వాడు పొట్టి కూడా.

"నన్ను చూస్తారేందప్పా అందరూ?" అన్నాడు వాడు. "ఉండే పొట్టి చాలదని ఆటలో గూడా పొట్టోన్ని కావల్లా? నేను మనిషినే. ఆరడుగులని రాసుకో."

నాలుగోవాడు లారీలు తూచే కాటా దగ్గర పనిచేసే మా స్నేహితుడు. ఇంట్లో కన్నడం, మాతో తెలుగు. ఎల్ఫుల బరువెంతుంటుందని అడిగాడు, తర్వాత మాంసం తింటారా అని అడిగాడు. ఎక్కువగా ఆకులు, పండ్లు అని తెలిశాక "సాకప్పా", అంటే చాలు బాబూ అని చేతులు జోడించి మనిషైపోయాడు. అతని రూల్ పుస్తకంలో ఆర్కుల బొమ్మ చూస్తే అచ్చం మా టిప్పర్ల ముందు కట్టే దిష్టిబొమ్మలా ఉంది. దాన్ని ఎవరూ ముట్టలేదు.

నా వంతు వచ్చింది. నేను ఆలోచించనే లేదు.

"మనిషి జన్మ ఎన్నో జన్మలకు గాని రాదంట" అన్నాను. "వచ్చినదాన్ని ఆదివారం పూట ఇడ్సిపెట్టమంటావా?"

అందరూ నవ్వారు. అసలు సంగతి వేరు. గది నాది, టీ నాది. నన్ను ధణీ అనేవాళ్లు రోజంతా మెట్లెక్కి దిగుతుంటారు. ఆదివారం కొనచెవులు పెట్టుకున్నవాడు సోమవారం వాళ్ల ముందు ఎట్లా కూర్చుంటాడు? అందుకే మామూలు మనిషిని కూడా కాలేదు, మనుషుల నాయకుణ్ణయ్యాను. కథ చెప్పేవాడి ముఖం కాస్త వాడింది. ఒక్కరన్నా వేరే జాతి ఉంటే బాగుంటుందేమో అన్నాడు. ఎందుకని అడిగితే, ఊరికే అన్నాడు.

ఆ సాయంత్రం ఊరికి పోయి వస్తానంటే అతన్ని బండి మీద బస్టాండులో దింపడానికి పోతూ టీ అంగడి దగ్గర ఆగాం. అక్కడ చెప్పాడు.

"నీ ఒక్కడికే చెప్తున్నాను, ఎవరితోనూ అనకు. కొండకు ఒక తలుపుంది. మనిషి చెయ్యి తగిలితే అది తెరుచుకోదు. మనిషి కానిది ఏది తోసినా తెరుచుకుంటుంది. నువ్వు మారితే మిగతావాళ్లూ మారతారు. మారవా?"

అట్లాంటి తలుపు ఎందుకు పెట్టావన్నాను. లోపల ఉన్నదాన్ని మనిషి చూస్తే ఎత్తుకుపోవడం తప్ప ఇంకోటి చేయడు, అందుకని అన్నాడు.

"వచ్చే వారం చూస్తాంలే" అన్నాను నేను.

మా వ్యాపారంలో ఆ మాటకు ఒకటే అర్థం. టైర్ల అంగడివాడికి తెలుసు, మెకానిక్‌కు తెలుసు. వరిమడి చేసుకునే ఇంటినుంచి వచ్చినవాడికి తెలియదు. అతను సంతోషంగా బస్సెక్కాడు.

తర్వాతి ఆదివారం కథలో కొండ చేరుకున్నాం. తలుపు కనిపించింది. తోశాం, గొడ్డలితో కొట్టాం, పాచిక మీద పాచిక వేశాం. అది కదల్లేదు. బామ్మర్ది తల గోక్కుంటూ, మనలో ఎవరన్నా వేరే జాతి అయ్యుంటే ఏమన్నా అయ్యేదేమో అని సరిగ్గా ఆ మాటే అన్నాడు. వాడు మారితే తలుపు వాడికి తెరుచుకుంటుంది. నా గదిలో, నా టీ తాగుతూ, నాకంటే చిన్నవాడు. వెంటనే మాట మార్చాను. తలుపు సంగతి తర్వాత, ఈ కొండ మట్టి ఏ రంగు అని అడిగాను.

కథ చెప్పేవాడు అబద్ధం చెప్పలేడు. ఎరుపు అన్నాడు.

ఆ ఏళ్లలో బళ్లారి మగవాళ్ల ముందు కొండ ఎర్రగా ఉందని చెప్పకూడదు. ఇంక తలుపు ఎవరికి కావాలి? ఆ రోజే బామ్మర్ది కథలోని రాజుగారి దగ్గరికి పోయి కొండ లీజుకు మాట్లాడుకొని వచ్చాడు. కాటావాడు కొండ కింద కాటా పెట్టాడు, కథలో పోయేవచ్చే బాటసారులందరినీ దానిమీద తూచాడు. నేను ఎద్దుల బండ్లు మాట్లాడాను. కథ ప్రకారం కొండ లోపల డ్రాగన్ ఉందట కదా, నిప్పు కక్కుతుంది కదా, మట్టి కరగబెట్టే పని దానికే ఇద్దామన్నాడు బామ్మర్ది. వారాల తరబడి మేము లోడ్లు ఎత్తాం. నడుమ నిజం ఫోన్లు మోగేవి. నాకు అటు ఇటు కలిసిపోయేది. ఒకసారి ఒక డ్రైవర్‌కు, అడవిలో ఎల్ఫులు ఆపితే నా పేరు చెప్పు అన్నాను. వాడు "సరే ధణీ" అన్నాడు. ఎవరు ఆపినా నా పేరు చెప్పడం వాడికి అలవాటే.

కథ చెప్పేవాడు ఓర్పుగా దారులు తెరిచేవాడు. మాట్లాడే గుడ్లగూబ ఒకటి వచ్చి, ఆ తలుపు వేరే స్పర్శ కోసం ఎదురుచూస్తోందని చెప్పింది. బామ్మర్ది దాన్ని బాణంతో కొట్టి, తినొచ్చా అని అడిగాడు. ఒక వాగు వచ్చింది, ఆ నీళ్లు తాగినవాళ్లు జింకలవుతారట. నాకు అర్థమైంది. మట్టి కడగడానికి పనికొస్తుందని ఆ వాగుకు అడ్డకట్ట వేయించి, మనుషులెవరూ తాగకుండా కాపలా పెట్టాను. అతను నా వైపు ఒక చూపు చూసి, సరే, అడ్డకట్ట పడింది అన్నాడు. ప్రతి ఆదివారం రాగానే అతను ముందు మా పేపర్ తీసి డ్యాములోకి నీళ్లెంత వచ్చాయో చూసేవాడు. తుంగభద్ర పుట్టే మలెనాడులో వానలు మొదలయ్యాయి. అతనికి మిగిలిన ఆదివారాలు తరిగిపోతున్నాయి. నాకది తెలుసు.

అప్పుడు అవ్వ మెట్లెక్కి వచ్చింది. ఇంటామె. కింద కొడుకూ కోడలితో ఉండేది. పైన ఆ దడదడ ఏందని అడగడానికి వచ్చింది. పాచికలు ఇనప బల్ల మీద వేసేవాళ్లం, కింద ఆమె నెత్తిన పడ్డట్టుండేదట. కథ చెప్పేవాడు లేచి నిలబడి "రండి మామ్మగారూ" అని కుర్చీ వేసి, అడిగింది కదా అని ఆట మొత్తం వివరించాడు. ఆమె శ్రద్ధగా విన్నది.

"మనిషే కావల్లని లేదా?" అంది.

"లేదండి. ఏదైనా కావచ్చు."

"ఏదైనానా?"

"ఏదైనా."

"అట్లయితే నేను ఎనుము."

మా వైపు బర్రెను ఎనుము అంటాం. అతను గేదె అంటాడు, కాటావాడు ఎమ్మె అంటాడు. మూడు భాషల్లోనూ నవ్వాం. రూల్ పుస్తకంలో ఎనుము లేదని నేను అడ్డం పడ్డాను. అతను మాత్రం ఆ పుస్తకం మూసి పక్కన పెట్టి, మామ్మగారు గేదె అన్నాడు. ఆ ఎండాకాలం అతని ముఖం అంత వెలగడం నేను చూడలేదు.

అవ్వ కిందికి పోయి ఒక పలుపు తెచ్చుకొని ఒళ్లో పెట్టుకుంది. గొడ్డును కట్టే తాడు. ఆ ఇంటి వెనక ఒక కొట్టం ఉండేది. అందులో ఆమెకు ఒక ఎనుము ఉండేది. మేము అద్దెకు దిగినప్పుడు మా టైర్లకు నీడ కావాలని నేనే ఆ కొట్టం అడిగాను. ఆమె కొడుకు ఇచ్చాడు. ఎనుమును అమ్మేశారు. మా వైపు గొడ్డును అమ్మినా పలుపు ఇవ్వరు. కొన్నవాడు తన పలుపు తెచ్చుకొని కట్టుకుపోవాల్సిందే. అట్లా ఆ పలుపు ఆమె దగ్గర మిగిలింది. ఇదంతా నాకు తెలిసినదే. తెలిసినా, ఆ రోజు ఆమె ఒళ్లో చూసేదాకా ఎప్పుడూ తలపుకు రాలేదు.

ఆమె ఆట చాలా నిదానం. డ్రాగన్ పొగ కనిపిస్తోందండి, ఏం చేస్తారు అని అడిగితే "మేస్తాండా" అనేది. ఉరుములు వస్తున్నాయండి అంటే "నెమరేస్తాండా" అనేది. కథ చెప్పేవాడు తలుపు గడప దగ్గర పచ్చటి గడ్డి మొలిపించాడు. అవ్వ ఆ వైపు ఒక్కో అడుగూ వేస్తోంది. ఇంక రెండు బుక్కలు మేస్తే తలుపుకు కొమ్ము తగులుతుంది. నేను చూస్తూ ఉండలేకపోయాను.

"ఎనుము ఖాలీగా ఉండాది గదా" అన్నాను. "మట్టిబండికి కట్టండి."

అవ్వ నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"పాలిచ్చే ఎనుమును బండికి కడతారాప్పా యాడన్నా? మీ తాత సేద్యం చేసినోడేనా, లేక ఆయన గూడా లారీలోనే పుట్టినాడా?"

బామ్మర్ది నేల చూశాడు. వాడి భుజాలు మాత్రం కదులుతున్నాయి. బండికి కట్టేది దున్నపోతునని పశువులున్న ఇంట్లో పసిపిల్లకు కూడా తెలుసు. నా నోట అట్లా వచ్చింది. ఆ రోజుకు ఆట ఆగిపోయింది. అవ్వ పోతూ మెట్ల మీద నన్ను ఆపి, వచ్చే ఆదివారం తారానగర్‌లో పెండ్లి ఉంది, సాయంత్రానికి వచ్చేస్తాను, నేను వచ్చేదాకా తలుపు కాడికి ఎవరూ పోవద్దని అందరికీ చెప్పమంది. చెప్తానన్నాను.

ఆ వారం కాలువకు నీళ్లు వదిలారు.

ఆదివారం అతను సంచి సర్దుకొని వచ్చాడు. సాయంత్రం కాకముందే వాళ్ల ఊరి వైపు పోయే సిరుగుప్ప బస్సెక్కాలి, మరునాడు నారుమడి. ఆట మొదలుపెట్టలేదు. సంచిని కాళ్ల దగ్గర పెట్టుకొని, మామ్మగారు లేరా అని అడిగాడు. లేదని తెలిసి, పోనీలే, బాగా ఆడాం కదా అన్నాడు. కథ గురించి ఒక్క మాట అనలేదు. ఆ సంచిని చూస్తే నాకు సిగ్గేసింది. నిజంగానే వేసింది. ఆ సిగ్గు కింద ఇంకొకటి కూడా ఉంది: ఇప్పుడు తలుపు తెరిస్తే నేనే తెరవొచ్చు.

"నేను ఎనుమునైతా" అన్నాను.

బామ్మర్ది టీ మింగలేక దగ్గాడు. కథ చెప్పేవాడు నన్ను నమ్మలేనట్టు చూసి, మామ్మగారు ఒప్పుకున్నారా అని అడిగాడు.

"ఆ, నన్నే చూసుకొమ్మని చెప్పి పోయినాది" అన్నాను. ఒక తప్పు దిద్దుకుంటూ అంత నున్నగా ఇంకొకటి చేయడం నాకెట్లా వచ్చిందో నాకే తెలియదు. కిందికి పోయి కొక్కేనికి ఉన్న పలుపు తెచ్చి మెడలో వేసుకున్నాను.

పాత్ర ఏదైతే దానిలాగే ఉండాలని అతని రూలు. నేల మీద చేతులు ఆనించి నాలుగు కాళ్ల మీద నిలబడ్డాను. గడ్డి మేశాను. అరవమన్నాడు, అరిచాను. అదే సమయంలో ఒక డ్రైవర్ డీజిల్ చీటీ కోసం తలుపు తీసుకొని వచ్చాడు. ధణి నేల మీద ఉన్నాడు, మెడలో పలుపుంది, నోరు తెరిచి ఉంది. వాడు బండి తాళాలు బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టి, వచ్చినంత మెల్లగా తలుపు దగ్గరికేసుకొని పోయాడు. సాయంత్రానికల్లా గనులున్న సండూరు దారిలో ఉన్న బండ్లన్నింటికీ సంగతి తెలిసింది.

కొమ్ముతో తోశాను. పాచిక బాగా పడింది. అతను కళ్లు మూసుకొని నెమ్మదిగా చెప్పాడు: తలుపు తెరుచుకుంది, లోపల చీకటి, ఆ చీకట్లో ఒక పెద్ద కన్ను తెరుచుకుంది. అక్కడ ఆగి గడియారం చూసుకున్నాడు. బస్సు టైమైంది.

మిగిలింది ఫోన్లో చెప్తానులే అని సంచి ఎత్తుకున్నాడు. చెప్పడని అందరికీ తెలుసు. నాట్లు మొదలయ్యాక ఎవరు ఎవరికి డ్రాగన్ కథ చెబుతారు? నవ్వుతూనే మెట్లు దిగాడు. వారాల తరబడి లోడ్లు ఎత్తింది గుర్తొచ్చింది. వాటిలో ఒక్క ఆదివారం ఇచ్చి ఉంటే అతని కథ పూర్తయ్యేది.

సాయంత్రం అవ్వ పెండ్లి లడ్లతో పైకి వచ్చింది. ఆ పిల్లోడు యాడ అని అడిగింది. చెప్పాను. నేను ఎనుమునై తలుపు తీసిన సంగతి కూడా, కాస్త గర్వంగానే చెప్పాను. ఆమె బల్ల మీది పలుపు చూసింది.

"పలుపు నా చేత్తో నీకిచ్చినానా?"

నేను పలుపును ఆమె ముందుకు జరిపాను.

"నా గొడ్డును రెండుసార్లు ఇప్పినావప్పా నువ్వు. ఒగసారి టైర్ల కోసం, ఇంగోసారి దీనికోసం."

పలుపు తీసుకుంది. లడ్లు కూడా తీసుకొని కిందికి పోయింది.

మరునాడు కొట్టంలోంచి టైర్లు తీయించాను. ఆమె కిటికీలోంచి చూసింది. ఆమె మధ్యమధ్య పైకి పంపే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు ఆగిపోయాయి. ఒకరోజు పోయి, తప్పయింది అవ్వా అన్నాను. తప్పయిందని సుమ్మనే, ఉత్త నోటితో అంటే ఎనుముకు ఏం కడుపు నిండుతాదని అడిగింది. ఆ పిల్లోడు యాడుంటే ఆడికి తనను తీసకపోవాలి, తలుపు మళ్ల మొదటినుంచి తీయాలి, కన్ను తెరిచినదెవరో చూడాలి అంది. జీపు తెస్తానన్నాను. పలుపు పట్టుకునే మనిషిగా పక్కనే ఉంటానని కూడా అన్నాను.

"మనిషి వద్దు" అంది. "నువ్వు దూడ."

అట్లా ఒక ఉదయం అవ్వ, నేను, బామ్మర్ది, కాటావాడు కెంచనగుడ్డకు జీపులో పోయాం. జీపు మీది ఎర్రదుమ్ము చూసి దారిలో పిల్లలు గని వాళ్లొచ్చారని కేకలేశారు. అతను మడిలో ఉన్నాడు. మోకాళ్లదాకా బురద, తలకు తువ్వాలు, చేతిలో నారు కట్ట. మమ్మల్ని చూసి ఏదో చావు కబురనుకున్నాడు. అవ్వ గట్టు మీద నిలబడి, తలుపు తీయి నాయనా అంది.

అతను నారు కట్ట పక్కన పెట్టాడు. అవ్వ పలుపు ఒక కొసను తన చేతికి చుట్టుకొని, రెండో కొస నా మెడలో వేసింది. నాట్లేసే ఆడవాళ్లు నడుములెత్తి, ఇదేం మొక్కుబడి అని అడిగారు. కాటావాడు వాళ్లకు మొదటినుంచి కథ చెప్పాడు. దానికి కాస్త పొద్దు పట్టింది, ఎందుకంటే ఒక్కొక్కరి బరువుతో సహా చెప్పాడు.

అవ్వ మేసింది. గడప దాకా మేసింది. ఎవరి సాయం లేకుండా తలతో తోసింది. తలుపు తెరుచుకుంది. కన్ను తెరుచుకుంది. బంగారపు రాశి మీద పడుకున్న డ్రాగన్ తల ఎత్తింది.

"ఎందుకొచ్చావు అని అడిగిందండి డ్రాగన్" అన్నాడు అతను. "ఏం చేస్తారు?"

"ఎనుము మాట్లాడ్తాదా ఏంది?" అంది అవ్వ. ముక్కు ఎగబీల్చింది. "ఈడ యాడో నీళ్లుండాయి. వాసన వస్తాండాది. నేను నీళ్లలో పడుకోవల్ల."

అతను నవ్వలేదు. ఆ బంగారం కింద ఒక ఊట ఉంది, డ్రాగన్ దానిమీదే పడుకోబట్టి కింద ఊళ్లన్నీ ఎండిపోయాయి, ఎండాకాలమంతా అతను దాచిపెట్టుకున్నది అదే. మనిషి ఎవరైనా బంగారం దగ్గరే ఆగిపోయేవాడు. బామ్మర్ది అప్పటికే, ఎన్ని బండ్లకొస్తాది బావా అని నా చెవిలో గొణుగుతున్నాడు.

"దూడ ఏం చేస్తుంది?" అని అతను నన్ను అడిగాడు.

"తల్లి ఎనకాలనే పోతాది" అన్నాను.

అవ్వ డ్రాగన్‌ను "జరుగు" అంది. జరుగుతుందో లేదో పాచిక చెప్పాలి. గట్టు మీద బల్ల లేదు కాబట్టి మా వెంట తెచ్చిన పాచికను సద్దిగిన్నె మూత మీద వేశాం. అది ఎగిరి మడిలో పడింది. ఆడవాళ్లంతా వంగి బురదలో వెతికారు. దొరకలేదు. ఎంత పడిందో ఎవరికీ తెలియదు. ఇరవై అన్నాడు అతను, చూడకుండానే. డ్రాగన్ జరిగింది. అవ్వ సంతోషంతో పలుపు ఒక్క గుంజు గుంజింది. దూడ గట్టు జారి, నెత్తితో సహా మడిలో పడింది.

ఆ నవ్వుల్లోనే అతను మిగిలినది చెప్పాడు. ఊట పొంగింది, ఎనుము అందులో దొర్లింది, ఉక్కకు తట్టుకోలేక డ్రాగన్ కూడా దిగింది, నీళ్లు గడప దాటి కొండ దిగి ఊళ్లకు పోయాయి. మా నోళ్లు మూతపడేదాకా ఆగాడు. అయిపోయింది అన్నాడు, మెల్లగా, ఎవరితోనూ కాదు. కాసేపు చేతుల మీది బురద చూసుకుంటూ నిలబడ్డాడు. తర్వాత నారు కట్ట అందుకొని, అన్నాలు తిని పోవాలి మీరందరూ అని వంగి నాటడం మొదలుపెట్టాడు.

తిరుగుదారిలో జీపు సీటంతా నా వల్ల నల్లబురద అయింది. అవ్వ చాలాసేపు పలుపు చుట్ట చుట్టుకుంటూ కూర్చుంది. దూడ నడక బాగనే ఉండాది అంది చివరికి, అరుపే ఏం బాలేదు. ఆ రోజు గదిలో ఎట్లా అరిచావో ఒకసారి అరిచి చూపమంది. అరిచాను. అది ఎనుము అరుపు కాదు, లారీ హారను అంది. సిరుగుప్ప దాటి బళ్లారి పొలిమేర వచ్చేదాకా నాచేత అరిపిస్తూనే వచ్చింది. ఎదురుగా వచ్చిన మా టిప్పర్లలో ఒకటి వేగం తగ్గించి, నన్ను చూసి, హారను కొట్టకుండా పక్కకు తప్పుకుంది.